ప్రెసిడెంట్ గెలిచినా సెనేట్ పోతుందంటారు, అదెలా?

అందరికీ నమస్కారం. ఈ మధ్యే హైదరాబాద్ నుంచి హెచ్1బీ మీద అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆల్ఫరెట్టా వచ్చాను. శనివారం ఎవరింటికి భోజనానికి వెళ్లినా 2028 ప్రైమరీ (పార్టీ తరఫున ప్రెసిడెంట్ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) మీదే వాదన. "ఈయన్ని నిలబెడితే సెనేట్ పోతుంది" అంటారొకరు, "ముందు ప్రెసిడెంట్ గెలవనీ" అంటారింకొకరు. గెలిచినవాడికే మెజారిటీ ఉండదా? మా బావగారు సిటిజన్. ఎవరికి వేయాలని నన్నడుగుతున్నారు!

జవాబు (కమ్మింగ్ నుంచి):

తమ్ముడూ, ముందు నీ సంగతి. డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర ఓటరు నమోదు ప్రశ్న వస్తే సిటిజన్ కాదనే చెప్పు. అక్కడ తేడా వస్తే రేపు గ్రీన్ కార్డుకు చుట్టుకుంటుంది. ఎన్నికల చందాలూ ఇవ్వకు. గ్రీన్ కార్డు వచ్చాక ఇవ్వొచ్చు, ఓటు మాత్రం సిటిజన్‌షిప్ తర్వాతే.

ఇక అసలు విషయం. మన దగ్గర ఎమ్మెల్యేల మెజారిటీ ఉన్నవాడే సీఎం. ఇక్కడ ప్రెసిడెంట్‌కి ఒక ఓటు, సెనేటర్‌కి (కాంగ్రెస్ పై సభ) ఒకటి, హౌస్ (దిగువ సభ) సభ్యుడికి ఒకటి. బ్యాలెట్ ఒకటే అయినా ఎవరి లెక్క వాళ్లదే. 1972లో నిక్సన్ 49 రాష్ట్రాలు ఊడ్చేశారు, కాంగ్రెస్ రెండు సభలూ మాత్రం డెమొక్రాట్ల చేతిలోనే ఉన్నాయి. అదే 1980లో రేగన్ గాలికి రిపబ్లికన్లకు సెనేట్‌లో 12 సీట్లు పెరిగి మెజారిటీ వచ్చేసింది.

గాలి ఎదురు తిరగడమూ ఉంది. 1964లో రిపబ్లికన్ కార్యకర్తలు మనసారా కోరుకుని గోల్డ్‌వాటర్‌ను ప్రెసిడెంట్ అభ్యర్థిగా నిలబెట్టారు. ఆయన గెలిచింది 6 రాష్ట్రాలు. ఆ దెబ్బకు హౌస్‌లో డెమొక్రాట్లు 295కి చేరారు. మరుసటి ఏడాది మెడికేర్ వచ్చింది, దేశాలవారీ పాత కోటాలు తీసేసిన ఇమిగ్రేషన్ చట్టమూ వచ్చింది. (దానికి రిపబ్లికన్లూ చాలామంది ఓటేశారు, అది ఒప్పుకోవాలి.) అంతకుముందు భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటా! మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఇంతమంది ఇక్కడికి రాగలిగింది ఆ తలుపు తెరిచాకే.

జవాబు (ఎడిసన్ నుంచి):

అన్నా, ఇవి పాత కథలు. 2024లో ట్రంప్ అరిజోనా, నెవాడా, మిషిగన్, విస్కాన్సిన్ నాలుగూ గెలిచారు, ఆ నాలుగు చోట్లా సెనేట్ సీటు డెమొక్రాట్లదే. జనం మనిషిని చూసి వేస్తున్నారు.

జవాబు (కమ్మింగ్ నుంచి):

నిజమే, మా జార్జియాలోనూ 2022లో గవర్నర్‌గా కెంప్ హాయిగా గెలిస్తే, అదే పార్టీ సెనేట్ అభ్యర్థి వాకర్ రన్ఆఫ్‌లో (ఇద్దరి మధ్య రెండో విడత పోటీ) ఓడిపోయారు. కానీ 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలో ప్రెసిడెంట్ ఓటు ఎటు పోతే సెనేటూ అటే పోయింది. 2020లో తప్పింది ఒక్క మెయిన్. 2024లో సెనేట్ చేతులు మారిందీ ట్రంప్ గెలిచిన ఒహాయో, మోంటానా, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా సీట్లతోనే. మంచి అభ్యర్థి రెండు మూడు శాతం ఈదగలడు, పది శాతం ఎదురుగాలిని ఈదడం కష్టం.

తమ్ముడూ, ఇదంతా మనకెందుకంటే, హెచ్4 (హెచ్1బీ వాళ్ల జీవిత భాగస్వాముల వీసా) మీద ఉన్న కొందరికి పని చేసుకునే అనుమతి 2015లో ఒబామా ప్రభుత్వం నిబంధన మార్చి ఇచ్చేసింది. గ్రీన్ కార్డుల్లో దేశానికి 7 శాతం పరిమితి అలా పోదు, చట్టం కావాలి. 2019లో హౌస్ దాన్ని తీసేసే బిల్లును 365–65తో పాస్ చేసింది. సెనేట్ 2020 డిసెంబరులో మార్పులతో ఇంకో రూపం పాస్ చేసింది. రెండూ కలవలేదు, బిల్లు అక్కడే పోయింది. సెనేట్‌లో పెద్ద బిల్లులకు మామూలుగా 60 ఓట్లు కావాలి కూడా. అందుకే, వేదిక మీద మనకు నచ్చే మాటలు చెప్పాడని నేనైతే ఎవరికీ ప్రైమరీ ఓటు వేయను.

బావగారికి ఇది చెప్పు: పోటాపోటీగా ఉన్న రాష్ట్రాల్లో తను వేయాలనుకుంటున్న ప్రెసిడెంట్ అభ్యర్థితో ఆయన పార్టీ సెనేట్, హౌస్ అభ్యర్థులు ఎలా ఉంటున్నారో చూడమను. ఈయన సభకు వచ్చి పక్కన నిలబడుతున్నారా, లేక ఆ రోజు "ముందే ఒప్పుకున్న పని" తగులుతోందా? తమ యాడ్స్‌లో ఈయన ఫొటో వేసుకుంటున్నారా, ప్రత్యర్థే వేసి భయపెడుతున్నాడా? సర్వేలకన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను, వాళ్లకు సీటు టెన్షన్ కాబట్టి.

జార్జియాలో పార్టీ పేరుతో నమోదు ఉండదు. ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవడమే. ఈ మధ్య ఇల్లు మారి ఉంటే ఓటరు నమోదులో అడ్రస్ మార్చుకోమను.