సరిహద్దు దాటి ఉద్యోగం చేసేవాళ్ల కోసం దేశాలు చట్టాలు మార్చుకోవాలా?

ఓరెసుండ్‌రైలు:
మార్చుకోవాలనే నా వాదన. ఉండేది స్వీడన్‌లోని మాల్మోలో, పని డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో. 2000లో రెండు ఊళ్ల మధ్య సముద్రపు పాయ ఓరెసుండ్ మీద వంతెన తెరిచాక దూరం ఒక సమస్యే కాదు. తంటా అంతా కాగితాలతోనే. మాల్మోలో పక్కన చిన్న పార్ట్‌టైమ్ పెట్టుకుందామన్నా భయం. ఈయూ (యూరోపియన్ యూనియన్) నియమం ప్రకారం మొత్తం పనిలో 25 శాతం నివసించే దేశంలో చేస్తే సామాజిక భద్రత (పెన్షన్, అనారోగ్య భత్యం లాంటివి) ఆ దేశానికి మారిపోతుంది. అప్పుడు డానిష్ కంపెనీ నా జీతం మీద దాదాపు 31 శాతం స్వీడన్‌కు కట్టాలి. ఏ యజమాని ఒప్పుకుంటాడు? స్వీడన్, డెన్మార్క్ లాంటి ఉత్తర ఐరోపా నార్డిక్ దేశాలు, ఒకరి పౌరులు ఇంకొకరి దగ్గర పర్మిట్ లేకుండా పనిచేసేలా ఉమ్మడి లేబర్ మార్కెట్ ఒప్పందం పెట్టుకున్నది 1954లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదేనా పరిస్థితి?

నిదానం:
నేను ఒప్పుకోను. ఆ 31 శాతంతోనే పెన్షన్లు, అనారోగ్య భత్యాలు నడుస్తాయి. ఎంత పన్ను వేయాలో, ఎవరికి ఏ సాయం చేయాలో ఆయా దేశాల ఓటర్లు నిర్ణయించుకున్నారు. సరిహద్దు దాటి పనికి వెళ్లేవాళ్లు జనాభాలో కొద్దిమంది. వాళ్ల సౌకర్యం కోసం మొత్తం వ్యవస్థను కదిలిస్తే మిగతావాళ్లకు ఏం సమాధానం చెప్తాం?

ఓరెసుండ్‌రైలు:
నిదానం గారూ, కొద్దిమందే కాబట్టే వాళ్ల గోడు ఎవరికీ పట్టదు. 2016 జనవరి 4 నుంచి డెన్మార్క్ వైపు నుంచి స్వీడన్‌కు వచ్చే రైలు ప్రయాణికుల గుర్తింపు కార్డులు రైలు కంపెనీలే చూడాలని స్వీడన్ ప్రభుత్వం చెప్పింది. ఇంటికొచ్చేవాళ్లు కోపెన్‌హాగన్ విమానాశ్రయం దగ్గరి కాస్ట్రప్ స్టేషన్‌లో దిగి, కార్డు చూపించి, ఇంకో ప్లాట్‌ఫామ్‌కు మారాల్సి వచ్చింది. 2017 మే దాకా అదే తంతు. నిర్ణయం స్టాక్‌హోమ్‌లో జరిగింది, రోజూ నలిగింది మాత్రం ఇక్కడివాళ్లు.

తోర్నెనది:
ఉత్తరాన హాపరాండా (స్వీడన్), టోర్నియో (ఫిన్లండ్) పక్కపక్కనే ఉన్నాయి, నడిచి వెళ్లిపోవచ్చు. రెండింటి గడియారాలకూ గంట తేడా. దాన్ని తీసేయమని జనం గొడవ చేయరు, అలవాటైపోయింది. ఎందుకంటే ఆ తేడా ఎంతో అందరికీ తెలుసు, రాత్రికి రాత్రి మారదు. కానీ 2020లో కోవిడ్ పేరుతో రెండు ఊళ్ల మధ్య కంచె వేసినప్పుడు కుటుంబాలే విడిపోయాయి. చట్టాలన్నీ ఒకేలా ఉండాలని నేను అడగను. చెప్పాపెట్టకుండా మార్చడం, ఏ ఆఫీసుకు వెళ్లినా "మా పరిధి కాదు, అవతలి దేశాన్ని అడగండి" అనడం, ఈ రెండూ పోతే చాలు.

కొత్తగా_వచ్చా:
మీరంతా నార్డిక్, ఈయూ పౌరుల సంగతే మాట్లాడుతున్నారు. నాది ఇండియన్ పాస్‌పోర్ట్. స్వీడన్ నివాస పర్మిట్‌తో కోపెన్‌హాగన్ చూసి రావచ్చు, అక్కడ ఉద్యోగం మాత్రం చేయలేను. దానికి డెన్మార్క్ వర్క్ పర్మిట్ విడిగా కావాలి. నాలాంటివాళ్లకు ఆ 1954 ఒప్పందం వర్తించదు. అడ్డంకులు తీయాలంటే ముందు ఇది కూడా లెక్కలోకి రావాలి కదండీ?

నిదానం:
పర్మిట్ల విషయంలో మీ బాధ న్యాయమైనదే. కానీ దారి మాత్రం ఒప్పందాలదే అంటాను. పన్నుల మీద స్వీడన్, డెన్మార్క్ 2003లో ఒప్పందం చేసుకున్నాయి. ఇంటి నుంచి పని పెరిగాక అది సరిపోలేదు, 2024లో కొత్తది రాసుకుని 2025 నుంచి అమలు చేస్తున్నాయి. ఇద్దరూ కూర్చుంటే ఏ దేశమూ తన వ్యవస్థను వదులుకోకుండానే పని జరిగింది.

ఓరెసుండ్‌రైలు:
జరిగింది, ఇరవై ఏళ్లు పట్టింది. ఈలోగా ఎంతమంది విసిగి అటో ఇటో మారిపోయారో! ఇలాంటి అడ్డంకుల పని చూడటానికి నార్డిక్ దేశాలు 2014లో ఒక మండలి పెట్టాయి. మంచిదే. కానీ చట్టం మార్చే అధికారం దానికి లేదు, అది పార్లమెంట్లదే. తోర్నెనది గారి మాట పట్టుకునే అడుగుతున్నా: పన్ను, భత్యం, పర్మిట్, దేని మీద బిల్లు తెచ్చినా సరిహద్దు దాటి పనిచేసేవాళ్ల మీద దాని ప్రభావం ఏమిటో అందులోనే రాయాలి, ఓటింగ్‌కు ముందే. దీనికి మీకేమైనా అభ్యంతరమా, నిదానం గారూ?

నిదానం:
దీనికి లేదు. రాయడం వరకూ నేనూ మద్దతిస్తాను. నిర్ణయం మాత్రం ఓటర్లదే.