తొడకి సొంతంగా ఇంజెక్షన్ వేసుకునేటప్పుడు పిస్టన్ వెనక్కి లాగి రక్తం చూడాలా, అక్కర్లేదా?

వేకువ:
డాక్టర్ నాకు నూనెలో కలిపిన హార్మోన్ ఇంజెక్షన్ రాశారు. తొడ కండలోకి నేనే వేసుకోవాలి. మొదట నేర్పిన నర్సు గారు, సూది దిగాక పిస్టన్ కాస్త వెనక్కి లాగి, సిరంజిలోకి రక్తం వస్తుందేమో చూసి అప్పుడు మందు ఎక్కించమన్నారు. తర్వాత కలిసిన ఇంకో నర్సు గారేమో అది పాత పద్ధతి, అవసరం లేదన్నారు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లే. ఎవరి మాట వినాలో తెలియక ప్రతిసారీ టెన్షన్ పడుతున్నాను.

పాతనర్సు:
లాగి చూడాలనే చెబుతాను. కండలోకి పోవాల్సిన నూనె మందు రక్తనాళంలోకి పోతే ఆ నూనె బిందువులు ఊపిరితిత్తులకు చేరతాయి. వెంటనే ఆగని దగ్గు, ఊపిరి ఆడకపోవడం, ఛాతీ పట్టేయడం, కళ్లు తిరగడం. టెస్టోస్టిరాన్ అండెకనోయేట్ అనే నూనె ఇంజెక్షన్‌ని అమెరికాలో ఇంటికివ్వరు. క్లినిక్‌లోనే వేసి 30 నిమిషాలు కూర్చోబెట్టి చూస్తారు. ఆ జాగ్రత్త ఊరికే పెట్టలేదు. కొన్ని క్షణాలు పట్టే పనిని మానేయమని నేనెవరికీ చెప్పలేను.

నీలిగోరింట:
పాతనర్సు గారూ, మీ భయం అర్థమైంది కానీ ఆ లాగడం వల్ల భద్రత వస్తుందా అన్నదే నా ప్రశ్న. టీకాల విషయంలో లాగి చూడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా అక్కర్లేదంటోంది. భుజం కండలోనూ, తొడ బయటి వైపు మధ్య భాగంలోనూ టీకా సూది దిగే చోట పెద్ద రక్తనాళాలు ఉండవు. పైగా లాగినంత సేపూ సూది లోపల కదులుతుంది, నొప్పి పెరుగుతుంది. సొంతంగా వేసుకునేవాళ్లకి ఇది ఇంకా కష్టం. ఒక చేత్తో చర్మం పట్టుకుని, రెండో చేత్తోనే సిరంజి కదలకుండా ఉంచి, అదే చేత్తో పిస్టన్ లాగాలి.

ఇంకో మాట. పుస్తకాల్లో చెప్పినట్టు చేయాలంటే 5 నుంచి 10 సెకన్లు లాగి ఉంచాలి. ఎక్కువమంది చటుక్కున లాగి వదిలేస్తారు. సన్నని సూది, చిక్కటి నూనె అయితే రక్తం పైకి రావడానికి ఆ కాస్త సమయం చాలదు. రక్తం కనపడలేదు కాబట్టి భయం లేదనుకోవడం ఉత్త ధైర్యమే.

పాతనర్సు:
టీకా సూచనని నూనె మందుకి అన్వయించడం దగ్గరే నాకు అభ్యంతరం. టీకా సాధారణంగా అర మిల్లీలీటరు, నీళ్లలా పల్చగా ఉంటుంది. ఒకటి రెండు మిల్లీలీటర్ల నూనె అలాంటిది కాదు. బెంజథీన్ పెనిసిలిన్ అనే చిక్కటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ లాంటిది రక్తనాళంలోకి పోతే ఎంత ప్రమాదమో తెలిసినవాళ్లెవరూ లాగొద్దని తేలిగ్గా అనరు. సెకన్ల సంగతి మాత్రం మీరన్నదే నిజం. చటుక్కున లాగడం లాగినట్టు కాదు.

తీరికలేనిఅమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను విటమిన్ బి12 సొంతంగా వేసుకుంటాను. మీ ఇద్దరి వాదనలోనూ చోటు గురించి తక్కువ మాట్లాడారనిపించింది. నాకు నేర్పినప్పుడు ఎక్కువసేపు దాని మీదే గడిపారు. తుంటి పక్కన చేతికి తగిలే ఎముక గుబ్బ నుంచి మోకాలి దాకా మూడు భాగాలుగా అనుకుని, మధ్య భాగంలో, బయటి వైపు వేసుకోవాలి. లోపలి వైపు వద్దే వద్దు, పెద్ద రక్తనాళాలూ నరాలూ అటే ఉంటాయి. పిరుదు మీద సొంతంగా వేసుకోవద్దని కూడా గట్టిగా చెప్పారు. వెనక్కి తిరిగి చూస్తూ వేస్తే చోటు తప్పుతుంది, అక్కడ కాలిలోకి దిగే సయాటిక్ నరం ఉంది.

కుర్చీలో కూర్చుని, కాలు వదులుగా పెట్టుకుంటాను. బిగించిన కండలో సూది దిగితే నొప్పి ఎక్కువ. స్పిరిట్ రాశాక పూర్తిగా ఆరేదాకా ఆగుతాను, తడి మీద పొడిస్తే మంట. చర్మాన్ని రెండు సెంటీమీటర్లకు పైగా పక్కకి జరిపి పట్టుకుని, సూదిని నిటారుగా దించి, నెమ్మదిగా ఎక్కిస్తాను. ఒక్కో మిల్లీలీటరుకి 10 సెకన్లు. అయ్యాక ఇంకో 10 సెకన్లు అలాగే ఉంచి, సూది తీసి, అప్పుడు చర్మం వదులుతాను. చర్మం తన చోటికి జరిగి లోపలి దారిని మూసేస్తుంది, మందు బయటికి కారదు. వారం వారం కాలు మారుస్తాను.

నీలిగోరింట:
ఇది చాలా మంచి మాట అక్కా. నూనె మందుకి ఇంకోటి: సీసాలోంచి లాగిన సూదితోనే పొడుచుకోకండి. రబ్బరు మూతలోంచి దిగిన సూది మొన మొద్దుబారుతుంది. లావు సూదితో లాగి, కొత్త సన్న సూది మార్చండి. సీసాని కాసేపు అరచేతుల్లో ఉంచితే నూనె తేలిగ్గా జారుతుంది.

వేకువ:
అందరికీ థాంక్స్. ఒకవేళ లాగినప్పుడు రక్తం కనపడితే? మందు ఖరీదైంది, పారేయాలంటే ప్రాణం ఒప్పదు.

పాతనర్సు:
ఎంత ఖరీదైనా పారేయాల్సిందేనండి. సూది తీసేసి, దూదితో అదిమి పట్టి, కొత్త సిరంజి, కొత్త మందు, వేరే చోటు. రక్తం కలిసిన మందుని మళ్లీ ఎక్కించకూడదు. మీరు రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే మాత్రం, కండలోకి ఇంజెక్షన్ వేసుకోవచ్చో లేదో ముందు డాక్టర్‌నే అడగండి.

నీలిగోరింట గారూ, మీతో పూర్తిగా ఏకీభవించను. కానీ వేకువ గారు చేయాల్సింది ఒకటుంది. మందు పెట్టెలోని కాగితంలో ఈ విషయం రాసి ఉందేమో చూసి, డాక్టర్‌ని "ఈ మందుకి, ఈ చోట లాగి చూడాలా" అని సూటిగా అడగండి. లాగమంటే 5 సెకన్లకు తగ్గకుండా, వాళ్ల ఎదురుగా ఒకసారి చేసి చూపించండి.

నీలిగోరింట:
దానికి నేనూ సరే. లాగినా లాగకపోయినా, మందు ఎక్కుతుండగా దగ్గు మొదలైనా, కాలి కిందికి కరెంటు కొట్టినట్టు నొప్పి జారినా అక్కడే ఆపి సూది తీసేయండి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా అత్యవసర సాయానికి ఫోన్ చేయండి. తర్వాతి రోజుల్లో ఎరుపు, వేడి పెరుగుతూ పోయినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి, వేలికి గుచ్చుకునేది అప్పుడే. గట్టి డబ్బాలో నేరుగా వేసేయండి.