కథల్లో ఫోన్ పెట్టేసే ముందు ఎవరూ "ఉంటాను" అనరెందుకు? ఇది వెసులుబాటా, తప్పా?

తీరికరాత:
మొన్న నా కథ చదివిన స్నేహితుడు ఒక ఫోన్ సీన్ చివర ఆరు లైన్లు కొట్టేశాడు. "సరే మరి", "ఆ, ఉంటాను", "జాగ్రత్త", ఇవేవీ కథకు అక్కర్లేదట. సినిమాల్లో, సీరియళ్లలో ఎవరూ ఇలా అనరట. నిజమే, అనరు. అడ్రస్ వినగానే టక్కున పెట్టేస్తారు. బయట అలా పెట్టేస్తే మనకు కోపం వచ్చిందేమోనని అవతలివాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. టీవీ పెట్టగానే సరిగ్గా తమకు కావలసిన వార్తే వస్తుంది, అది అవగానే కట్టేస్తారు. భోజనానికి కూర్చున్నవాళ్లు తినకుండానే లేచిపోతారు. గదిలో ఒక్కరే ఉన్నా మనసులో మాట పైకి చెప్పుకుంటారు. వీటితో నాకు పెద్ద పేచీ లేదు. నా బాధంతా ఫోన్ దగ్గరే.

మా అమ్మ ఫోన్ చేస్తే అసలు విషయం "ఉంటాను" అన్నాకే బయటికొస్తుంది. పోయిన నెల పావుగంట ఏవేవో మాట్లాడింది. "సరే నాన్నా, ఉంటాను మరి" అంది. "సరేమ్మా" అన్నాను. పెట్టలేదు. రెండు సెకన్లు ఊరుకుని, "ఏం లేదు గానీ, ఎడమ కన్ను కాస్త మసకగా ఉంటోంది" అంది. ఆ పావుగంటా ఆ ఒక్క మాట కోసమే! కథలో కొట్టేయమంటున్నది సరిగ్గా ఆ చోటునే. మీరేమంటారు?

మూడోగంట:
నేను నాటకాలు రాస్తాను, మీ స్నేహితుడి పక్షమే. మనుషులు రోజూ తాళాలు వెతుక్కుంటారు, బాత్రూముకి వెళ్తారు, చెప్పిందే మళ్లీ చెప్తారు. అవి చూపించలేదని పాత్రలు ఆ పనులు చేయవని ఎవరూ అనుకోరు. చూసేవాళ్లు పూరించుకుంటారు. ఫోనూ అంతే. ఏడు ఫోన్ కాల్స్ ఉన్న నాటకంలో ప్రతిదానికీ వీడ్కోలు పెడితే మూడో కాల్‌కే జనం కుర్చీల్లో కదలడం మొదలెడతారు. మీ అమ్మగారి కాల్లో ఆ మాట అవసరం, ఉంచండి. దాన్ని అన్నిటికీ నియమం చేయకండి.

పీడకల సంగతి చూడండి. నిజంలో దిగ్గున లేచి కూర్చోవడం అరుదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశలో కండరాలు వదులైపోయి ఉంటాయి, చాలామంది కదలకుండానే కళ్లు తెరుస్తారు. కానీ స్టేజీ మీద నటుడు పడుకునే కళ్లు తెరిస్తే పదో వరసలో కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తుంది? లేచి కూర్చోవాల్సిందే.

మాటవరస:
మూడోగంట గారూ, బాత్రూముకి వెళ్లడం చూపించకపోవడం వేరు. ఫోన్ పెట్టేయడం చూపిస్తూనే దాన్ని ఇంకోలా చూపించడం వేరు. మొదటిది వదిలేయడం, రెండోది మార్చేయడం. వీడ్కోలు వద్దనుకుంటే మాట మధ్యలోనే సీన్ మార్చేయండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. పాత్ర చేత ఫోన్ పెట్టించారంటే మాత్రం, ఆ మనిషి అలా పెట్టేసే రకం అని చెప్పినట్టే.

నేను చదువుకున్నది భాషాశాస్త్రం. 1973లో షెగ్లాఫ్, శాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషులు సంభాషణను ఎలా ముగిస్తారన్న దానిమీదే ఒక వ్యాసం రాశారు. ముగింపు ఒక్కరి చేతిలో ఉండదని, ఇద్దరూ కలిసి మెట్టు మెట్టుగా దిగుతారని చూపించారు. మన "సరే మరి" లాంటి మాట చేసే పనేమిటంటే, "చెప్పాల్సింది ఇంకేమైనా మిగిలిందా?" అని అవతలివాళ్లకు చోటివ్వడం. తీరికరాత గారి అమ్మగారు వాడుకున్నది ఆ చోటునే.

ఆ రెండు సెకన్ల సంగతి కూడా చెప్పాలి. 2009లో పది భాషల మీద వచ్చిన ఒక అధ్యయనంలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు విరామం 0.2 సెకన్ల దగ్గర తేలింది. దాని పక్కన పెట్టి చూస్తే రెండు సెకన్లు చాలా పెద్ద మౌనం.

లోతునీళ్లు:
మీరంతా ఫోన్ దగ్గరే ఆగిపోయారు. "ఉంటాను" లేకపోతే ఎవరి ప్రాణమూ పోదు. నేను తొమ్మిదేళ్లుగా పిల్లలకు ఈత నేర్పుతున్నాను. కథల్లో మునిగిపోయే మనిషి చేతులు ఊపుతాడు, "కాపాడండి" అని అరుస్తాడు. నిజంగా మునుగుతున్నవాళ్లు చాలాసార్లు అరవలేరు. నోరు నీటిపైకి వచ్చేది క్షణమే, అది ఊపిరికే సరిపోదు. చేతులు గాల్లోకి లేవవు, పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి.

ఒకసారి ఒక బాబు నీళ్లలో నిలువుగా ఉన్నాడు. తల వెనక్కి వాలింది, జుట్టు కళ్లమీద పడినా తీసుకోవడం లేదు. ఏ శబ్దమూ లేదు. వాళ్ల నాన్న గట్టుమీద నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు, వాడి వైపే చూస్తున్నాడు. నేను దూకి పైకి తెచ్చాక ఆయన అన్న మాట, "ఆడుకుంటున్నాడనుకున్నానండీ, అరవలేదు కదా." ఆయన తప్పేముంది? జీవితమంతా చూసిన సీన్లన్నిట్లో అరిచారు మరి.

కారు నడుపుతూ పక్కవాళ్ల మొహం చూస్తూ మాట్లాడటం కూడా అంతే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు పక్కకు చూస్తే బండి 50 మీటర్లు వెళ్లిపోతుంది. ముందు దిద్దాల్సినవి ఇవి.

మూడోగంట:
మునిగే సీన్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. రాసేటప్పుడు ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. పైగా మీరు చెప్పిన నిశ్శబ్దం అరుపు కన్నా భయంగా ఉంది, అదే రాయొచ్చు. మాటవరస గారి వదిలేయడం, మార్చేయడం తేడా కూడా బాగుంది, దానిమీద ఇంకా ఆలోచించాలి. పీడకల విషయంలో మాత్రం నా మాట నాదే. పదో వరస ప్రేక్షకుడూ టికెట్ కొనే వచ్చాడు.

తీరికరాత:
అందరికీ థాంక్స్. ఆరు లైన్లలో మూడు నేనే తీసేశాను, అవి నిజంగానే బరువు. "ఉంటాను మరి", దాని తర్వాతి మౌనం, "ఏం లేదు గానీ" ఉంచాను. స్నేహితుడికి మళ్లీ పంపితే ఈసారి కొట్టేయలేదు. అమ్మను కళ్ల డాక్టరుకు చూపించాం, శుక్లమట. ఆపరేషన్ వచ్చే వారం.