అప్‌డేట్: ఇరవై దాకా చెబుతుంది, మూడు ఇవ్వమంటే గుప్పెడు ఇస్తుంది

నెలన్నర క్రితం ఇక్కడే అడిగాను. మా పాపకు నాలుగేళ్లు, ఒకటి నుంచి 20 దాకా గడగడా అప్పజెబుతుంది, కానీ మూడు గుండీలు ఇవ్వమంటే గుప్పెడు తెచ్చి చేతిలో పోస్తుంది అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఇదే సమస్యతో వచ్చేవాళ్ల కోసం, చివరికి ఏమైందో రాస్తున్నా.

పనిచేసింది "కథ మధ్యలో ఆపి పాప చేత పని చేయించండి" అన్న సలహా. కుందేలమ్మకు నలుగురు పిల్లలు, బయట చలి, తలా ఒక దుప్పటి కావాలి. పిల్లలంటే బొమ్మలు, దుప్పట్లంటే చేతిరుమాళ్లే. మొదటిరోజు మూడే తెచ్చింది. వరుసగా కప్పుకుంటూ పోతే చివరి బొమ్మకు లేదు. నేనేమీ అనలేదు. "అయ్యో, దీనికి చలేస్తోంది" అంటూ తనే పరుగెత్తి ఇంకోటి తెచ్చింది! తర్వాత ఒక్కోదాన్నీ ముట్టుకుంటూ లెక్కపెట్టి, చివర్లో "నాలుగు. మొత్తం నాలుగు" అనుకునేవాళ్లం. ఆ "మొత్తం" అన్న మాటే అసలు కిటుకు అనిపించింది నాకు.

పిల్లల డాక్టర్ని కూడా అడిగాం. వరుస నోటికి రావడం వేరు, చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం వేరు, ఆ రెండోది చాలామందికి నాలుగేళ్లకు అటూఇటూగా వస్తుంది, టెన్షన్ వద్దన్నారు.

ఇక్కడ కొందరు చెప్పిన కంటి పరీక్ష, అంకెల కార్డులు, లెక్కల యాప్ ఏవీ అక్కర్లేకపోయాయి. యాప్‌లో పాపకు నచ్చింది చప్పట్ల మోత ఒక్కటే.

ఇప్పుడు ఐదు దాకా తడుముకోకుండా ఇస్తోంది. ఆరు అడిగితే మాత్రం ఇంకా గుప్పెడే.