4-8-8-4: ‘అతుకుల ఇంజను’ అనాలా, ‘కీలు ఇంజను’ అనాలా?

‘ఆర్టిక్యులేటెడ్’ ఆవిరి ఇంజనుకు, అంటే చక్రాల చట్రం ఒకే బిగువు ముక్కగా కాక భాగాలుగా ఉండి మలుపుల్లో కదిలే రైలింజనుకు, తెలుగులో ‘అతుకుల ఇంజను’ అన్న మాటను ఒక మిత్రులు సూచించారు. నాకది సమ్మతం కాదు. అతికించినది కదలకూడదు, కదిలిందంటే అతుకు వదిలినట్టే. ఈ ఇంజను ప్రత్యేకత అంతా కదలికలోనే ఉంది కనుక ‘కీలు ఇంజను’ అనడమే సబబు.

ఆనతోల్ మాలే అనే ఇంజనీరు 1884లో పేటెంటు పొందిన పద్ధతిలో ఒకే బాయిలరు కింద రెండు చక్రాల జట్లు ఉంటాయి. వెనుక జట్టు చట్రాన్ని బాయిలరుకు గట్టిగా బిగిస్తారు. ముందు జట్టు చట్రం మాత్రం వెనుకదానికి కీలుతో తగిలి ఉండి, మలుపు రాగానే పట్టాల వెంట తిరుగుతుంది. అప్పుడు దానిమీద ఆనుకుని ఉన్న బాయిలరు ముందుభాగం పక్కకు జరిగి, మలుపు వెలుపలి వైపుకు పొడుచుకు వస్తుంది.

ఇక 4-8-8-4 అన్న అంకెల విషయం. ఇవి ఇంజను చక్రాల అమరికను ముందు నుంచి వెనక్కి తెలుపుతాయి. ఈ పద్ధతిలో లెక్కించేది చక్రాలనే గాని ఇరుసులను కాదు. ముందు దారి చూపే నాలుగు చక్రాలు, ఒక జత సిలిండర్లు తిప్పే ఎనిమిది, మరో జత తిప్పే ఎనిమిది, నిప్పు మండే ఫైర్‌బాక్సు బరువు మోసే చివరి నాలుగు. రెండు ఎనిమిదులను కలిపి 4-16-4 అని రాస్తే, పదహారు చక్రాలూ ఒకే బిగువు చట్రంలో ఒకదానికొకటి కడ్డీలతో కట్టి ఉన్నాయని అర్థం వస్తుంది. అది వేరే ఇంజను అవుతుంది. ఎనిమిదుల మధ్యనున్న ఆ చిన్న అడ్డగీత దగ్గరే కీలు ఉంది. కాబట్టి చదివేటప్పుడు కూడా ‘నాలుగు, ఎనిమిది, ఎనిమిది, నాలుగు’ అని విడివిడిగానే పలకాలి.

అన్నిటినీ ‘మాలే ఇంజన్లు’ అంటే సరిపోదా అని మరొకరు అడిగారు. మాలే పద్ధతిలో వెనుక సిలిండర్లలో పని చేసిన ఆవిరినే ముందు సిలిండర్లలో మళ్లీ వాడతారు. అమెరికా రైల్వే సంస్థ యూనియన్ పసిఫిక్ కోసం 1941–44 మధ్య తయారైన 25 ‘బిగ్ బాయ్’ ఇంజన్లు 4-8-8-4 అమరికవే అయినా, వాటి నాలుగు సిలిండర్లకూ ఆవిరి నేరుగా బాయిలరు నుంచే అందుతుంది. పైగా బెంగాల్ నాగపూర్ రైల్వే నడిపిన 4-8-0+0-8-4 వంటి గారట్ ఇంజన్లలో బాయిలరు రెండు జట్ల నడుమ వేలాడుతుంది, రెండు వైపులా కీళ్లుంటాయి. అందుకే అక్కడ కూడిక గుర్తు వాడతారు. వీటిలో దేనినీ ‘మాలే’ అనలేము, ‘కీలు ఇంజను’ అని మాత్రం అన్నిటినీ అనవచ్చు.