రోడ్‌స్టర్‌కు బదులుగా ఏ పాత స్పోర్ట్స్ కారు?

ప్రశ్న (కొండమలుపు):

ఆరేళ్లుగా ఒక చిన్న రెండు సీట్ల రోడ్‌స్టర్ నడుపుతున్నాను. ఇప్పుడు దాన్ని వదులుకోక తప్పడం లేదు. నెలకు రెండుసార్లు ఐదారు గంటల హైవే ప్రయాణం చేయవలసి రావడంతో, గుడ్డ టాపు కింద గాలి హోరును అంతసేపు భరించడం నా చెవులకు కష్టమవుతోంది. పైగా ఇద్దరి సామానుకు డిక్కీ ఎటూ చాలదు. అందుచేత గట్టి పైకప్పు, మాన్యువల్ గేర్లు ఉండి, శక్తి వెనుక చక్రాలకు అందే వాడిన కారు కోసం చూస్తున్నాను. టయోటా 86, మాజ్డా ఆర్‌ఎక్స్-8, నిస్సాన్ 350జెడ్, పోర్షే కేమన్ నా దృష్టిలో ఉన్నాయి. ఎంత వేగంగా వెళుతుందన్నది నాకు ముఖ్యం కాదు. మలుపు తీసుకుంటున్నప్పుడు ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో చేతులకు తెలియాలి.

సమాధానం (పాతగేరు):

మీరు చివర చెప్పిన మాటను బట్టే ఎంపిక చేసుకోండి. రోడ్‌స్టర్‌లో మనకు నచ్చేది ఆకాశం కనబడటం ఒక్కటే కాదు, దాని తక్కువ బరువు కూడా. మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 రోడ్‌స్టర్ టన్నుకు లోపే తూగేది. 86 సుమారు 1250 కిలోలు, 350జెడ్ దాదాపు 1500 కిలోలు. ఆ తేడాను బ్రేకు వేసిన ప్రతిసారీ గమనిస్తారు.

నా ఓటు 86కే. 2012లో వచ్చిన ఈ కారులో సుబారు తయారుచేసిన 2 లీటర్ల ఫ్లాట్-ఫోర్ ఇంజిన్ (నాలుగు సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండేది) బానెట్ కింద బాగా దిగువన కూర్చుంటుంది కాబట్టి, మలుపులో కారు ఒరగడం తక్కువ. కంపెనీ దీనికి కావాలనే 215 మిల్లీమీటర్ల వెడల్పున్న, పట్టు ఓ మోస్తరుగానే ఉండే టైర్లు వేసింది. మామూలు వేగంలోనే వెనుక భాగం కదలిక తెలియడానికి అదొక కారణం. పాత యజమాని వెడల్పాటి టైర్లు వేయించి, సస్పెన్షన్‌ను బాగా కిందికి దించి ఉంటే, మీరు వెతుకుతున్న గుణాన్నే తీసేసినట్టు లెక్క. 3500 నుంచి 4500 ఆర్‌పీఎం మధ్య ఇంజిన్ కాస్త మందగిస్తుంది, అది లోపమని కంగారుపడకండి. 2021లో వచ్చిన తర్వాతి తరం 86లోని 2.4 లీటర్ల ఇంజిన్‌లో ఆ వెలితి దాదాపు లేదు. తొలినాటి కార్లకు వాల్వ్ స్ప్రింగుల విషయంలో 2018లో రీకాల్ (కంపెనీ కార్లను వెనక్కి పిలిచి సరిచేయడం) వచ్చింది. ఆ పనికి ఇంజిన్‌ను చాలావరకు విప్పవలసి ఉంటుంది కాబట్టి, చేయించారా, తర్వాత కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న వివరాలు కాగితాల్లో చూడండి. వెనుక సీట్లలో మనుషులు కూర్చోలేరు గానీ, వాటిని మడిస్తే మీ సామాను సమస్య తీరుతుంది.

సమాధానం (రోటరీప్రియుడు):

ఆర్‌ఎక్స్-8 స్టీరింగ్‌కు ఈ జాబితాలో సాటి లేదని నా అభిప్రాయం. పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లు ఉండే దాని రోటరీ ఇంజిన్ 9000 ఆర్‌పీఎం దాకా వణుకు లేకుండా పరుగెత్తుతుంది, వెనుక సీట్లలో పెద్దవాళ్లు నిజంగానే కూర్చోగలరు. అయినా హైవే మీద దాని ఇంధన దాహం మీ జేబుకు భారమే. రోటరీ ఇంజిన్ సీళ్లకు అందవలసిన నూనెను తానే కాల్చుకుంటుంది కనుక, నూనె మట్టాన్ని తరచుగా చూసుకునే అలవాటు ఉండాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రోటరీకి తగిన పరికరంతో కంప్రెషన్ (ఇంజిన్ లోపలి ఒత్తిడి) పరీక్ష చేయించకుండా కొనడం మాత్రం కళ్లు మూసుకుని నూతిలో దూకడమే.

సమాధానం (మధ్యఇంజిన్):

సీటు వెనుకే ఇంజిన్ ఉండే కేమన్‌కు ముందొక డిక్కీ, వెనుకొక డిక్కీ ఉన్నాయి. మీ దూరప్రయాణాలకు ఇంతకంటే అనువైన రెండు సీట్ల కారు దొరకడం కష్టం. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ (క్యామ్‌షాఫ్టులను తిప్పే మధ్య కడ్డీ) లేదు కాబట్టి, అంతకుముందరి కార్ల విషయంలో అందరూ భయపడే, ఆ షాఫ్ట్ బేరింగ్ పాడవుతుందన్న బెంగ కూడా లేదు. సిలిండర్ల గోడల మీద గీతలున్నాయేమో సన్నని కెమెరా దించి చూపించుకోండి. కొన్నాక దాన్ని పోషించే స్తోమతను కూడా ముందే లెక్క వేసుకోవాలి. 350జెడ్ గురించి ఒక్క మాట: ఇంజిన్ గొప్పదే, కానీ డిక్కీకి అడ్డంగా ఒక లావాటి లోహపు దూలం ఉంటుంది. మీ పెట్టెలు తీసుకెళ్లి పెట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు (కొండమలుపు):

ఆ దూలం సంగతి ఫోటోల్లో నేను గమనించనే లేదు. 350జెడ్‌ను పక్కన పెట్టేశాను. కేమన్ మీద ఆశ ఉన్నా, దాని పోషణ నా వల్ల కాదు. పాతగేరు గారూ, మార్పులేవీ చేయని ఒక 86ను రేపు చూడబోతున్నాను. ముందుగా ఏం గమనించమంటారు?

సమాధానం (పాతగేరు):

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని అమ్మేవారికి ఇప్పుడే చెప్పండి. స్టార్ట్ చేశాక క్లచ్ పెడల్ నొక్కితే శబ్దం మారుతోందేమో వినండి. మారితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ అరిగి ఉండవచ్చు. ఇంజిన్ ముందు భాగంలో నూనె చెమ్మ ఉందేమో దీపం వేసి చూడండి. నాలుగు టైర్లూ ఒకే రకమేనా, లోపలి అంచులు ఎక్కువగా అరిగాయా అన్నది కూడా చూడండి. తర్వాత రేడియో కట్టేసి, మీకు బాగా అలవాటైన మలుపుల దారిలో ఒక అరగంట నడపండి.