అమెరికాలో ఫెంటానిల్ మరణాలు: సరిహద్దును కట్టుదిట్టం చేస్తే తగ్గుతాయా?

ప్రశ్న:
అమెరికాలో మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించినవారి సంఖ్య 2021 నుంచి 2023 వరకు ఏటా లక్ష దాటింది. వీరిలో అత్యధికుల మరణానికి కారణం ఫెంటానిల్ వంటి కృత్రిమ మత్తుమందులే. అవి మెక్సికో మీదుగా వస్తున్నాయి కనుక గోడ కట్టి అక్రమ వలసను ఆపితే మరణాలు తగ్గుతాయనే వాదన ఎంతవరకు నిలుస్తుంది?

జవాబు 1:
సగం వరకే నిలుస్తుంది. చైనా రసాయనాలతో సినలోవా, హలిస్కో అనే మాదకద్రవ్యాల ముఠాలు మెక్సికోలో ఫెంటానిల్‌ను తయారుచేస్తున్న మాట నిజమే. అయితే సరిహద్దులో పట్టుబడిన సరుకులో అధికభాగం ఎడారి దారుల్లో కాక, శాన్ డియేగో, నొగాలెస్ వంటి చోట్ల ఉన్న అధికారిక ప్రవేశద్వారాల వద్ద, వాహనాల్లోనే దొరికింది. ఫెంటానిల్ రవాణా కేసుల్లో శిక్షపడినవారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే.

జవాబు 2:
పై లెక్కను కాస్త జాగ్రత్తగా చదవాలి. తనిఖీ ముమ్మరంగా ఉన్నచోటే సరుకు ఎక్కువగా దొరుకుతుంది. పట్టుబడనిది ఏ దారిన వచ్చిందో ఆ అంకెలు చెప్పవు. అయినా, వలసదారులే దీన్ని మోసుకొస్తున్నారనే ప్రచారానికి ఆధారం బలహీనమనే నా అభిప్రాయం.

జవాబు 3:
హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు శక్తిమంతమైన ఈ మందు చిన్న పొట్లంలోనే వేలమందికి సరిపోతుంది కాబట్టి, స్కానర్లు ఎన్ని పెంచినా పూర్తిగా అడ్డుకోవడం అసాధ్యం. 2024లో మరణాలు సుమారు 80 వేలకు తగ్గాయి. మోతాదు మించి ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడే నలాక్సోన్ స్ప్రేను వైద్యుని చీటీ లేకుండా అమ్మడానికి 2023లోనే అనుమతి లభించింది. తగ్గుదలలో దాని వాటా ఎంత, సరఫరాలో వచ్చిన మార్పుల వాటా ఎంత అనే విషయంపై నిపుణుల మధ్య చర్చ ఇంకా సాగుతోంది.